కొండగావ్ కొలిమి యొద్ద మన పిల్లలు

(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుడు తల్లిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగము)



ప్రతి సంవత్సరము ఈ వేదికపై నిలిచి పరీక్షా ఫలితములు, హాజరు లెక్కలు, భవనపు మరమ్మతులు చదివి కూర్చుండుట నాకు అలవాటు. ఆ నివేదిక అచ్చయి మీ చేతులలోనే యున్నది. దానిని మరల చదివి మీ కాలమును హరింపను. నేడు ఒక్క సంగతి మాత్రమే ప్రస్తావింపదలచితిని. గడచిన మార్గశిర మాసమున మన 8, 9 తరగతుల విద్యార్థులు 34 మందిని బస్తరు ప్రాంతమందలి కొండగావ్‌కు తీసికొనిపోయి, అచ్చటి లోహశిల్పుల కుటుంబ మొకదాని యింట ఒక పగలంతయు గడిపి వచ్చితిమి. ఈ యాత్రను గూర్చి కొందఱు తల్లిదండ్రులు నాతోను, మఱి కొందఱు ఇతరులతోను తమ యసంతృప్తిని తెలిపిరి. "విజ్ఞాన ప్రదర్శనశాలకు తీసుకువెళ్లకుండా కమ్మరి కొట్టుకు తీసుకువెళ్లటమేమిటండీ మాస్టారూ? మేము పిల్లల్ని బడికి పంపింది సమ్మెట పట్టటానికా?" అని ఒక తండ్రిగారు సూటిగనే యడిగిరి. ఆ దినమున బడిగంట మ్రోగుచుండగా గుమ్మములో నిలిచి రెండు మాటలలో సమాధానము చెప్పుటకు వీలుపడలేదు. ఇప్పుడు తీరికగ చెప్పెదను.

మన జయపురమునుండి కొండగావ్ 150 కిలోమీటర్లకు పైబడిన దూరము. తెల్లవారుజామున 4 గంటలకు బస్సులో బయలుదేరి, బొరిగుమ్మ, కోట్‌పాడ్ మీదుగా జగదల్‌పూర్ చేరి, అచ్చట ఫలహారము ముగించుకొని ఉత్తరముగ సాగితిమి. కోట్‌పాడులో వేరు నుండి తీసిన యెఱ్ఱరంగుతో నూలు నద్ది బట్టలు నేయువారున్నారు. దిగి చూచుటకు వ్యవధి లేకపోయినది. కొండగావ్ ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో 2012లో ప్రత్యేక జిల్లాకు కేంద్రమైనది. అంతకు ఎంతో ముందునుండియు ఆ యూరు రెండు పనులకు పేరు మోసినది. ఒకటి ఇత్తడి పోత, రెండవది ఇనుపపని. పోతపనివారిని అచ్చట ఘడ్వాలందురు. వారి పనిని దేశమంతటను డోక్రా యని పిలుతురు. ఇనుపపని లోహారులది.

మేము చూచినది పోతపనివారి యిల్లు. ఇల్లే కార్ఖానా, వాకిలే అంగడి. వెదురు దడి లోపల పెద్దచెట్టు నీడలో తోటలలో నిలుపుకొను నిలువెత్తు ఇనుప జింకలు, నెమళ్లు, కొంగలు వరుసగా నిలిచియున్నవి. అవి పొరుగింటి లోహారు కుటుంబమువారు చేసినవి. రెండు కుటుంబముల సరకును ఒకే అంగడిలో అమ్ముకొందురు. అరుగుమీద చెక్కబల్లలపై ఇత్తడి ఏనుగులు, గుఱ్ఱములు, ఎద్దులు, తాబేళ్లు, గుడ్లగూబలు. ఈ లోహపు మందకు నడుమ అసలు మంద యొకటి కలదు: నాలుగు మేకలు, ఒక లేగదూడ, కోళ్లు, చెవి తెగిన ముసలికుక్క. ఎనిమిదవ తరగతి పిల్ల యొకతె ఇనుప జింకల ప్రక్క నిలిచిన నల్లమేకను కూడ బొమ్మయే యనుకొని చేయి వేయగా, అది మె యని యఱచి ప్రక్కకు దూకినది. ఆ పిల్ల వేసిన కేకకు ఇంటివారందఱు బయటకు వచ్చిరి. పరిచయములకు వేఱే ప్రయత్నము అక్కఱలేకపోయినది.

మన పట్టణములలోని తోటలలో సిమెంటు జంతువులను మీరు చూచియే యుందురు. నోరు తెఱచుకొని, పొట్టమీద "నన్ను వాడుము" అని వ్రాయించుకొని, చెత్తకొఱకు నిలుచుండు కుందేలు. రంగు వెలసి, కొమ్ము విరిగి, లోపలి కమ్మి కనబడు జింక. వానిని చూచినప్పుడెల్ల ఆ చేసినవాడు జన్మలో కుందేలును జూచెనా యని నాకు సందేహము కలుగును. ఇచ్చట అట్టి సందేహమునకు తావు లేదు. ఇంటి కోడలు మైనముతో మేకబొమ్మకు మెడ తీర్చుచు, తల యెత్తి వాకిటిలోని మేకను చూచుచు, మరల వంగి దిద్దుచున్నది. అయినను ఆమె చేసిన మేక కాళ్లు అసలు మేక కాళ్లకంటె పొడుగు. మనవాడొకడు ఆ లోపమును పట్టుకొని అడుగగా, ఇంటిపెద్ద నవ్వి, "మేకను కొండమీదికి తోలుకొనిపోయి క్రిందనుండి చూడుము, కాళ్లే కనబడును" అనెను.

ఇక పోత విధానము. దీనిని కొంచెము విపులముగ చెప్పెదను. ముందుగ మన్నును ఊకతో కలిపి మెదిపి, చేయదలచిన జంతువునకు లోపలి ముద్దగా ఒక ఆకారమును చేసి యెండనిత్తురు. అడవి తేనెపట్టుల మైనమును గుగ్గిలముతో కలిపి కాచి, మెత్తబఱచి, దారములుగా తీయుదురు. ఎట్లనగా, ఒక గొట్టములో మైనము నింపి పైనుండి కఱ్ఱతో నొక్కగా అడుగునున్న రంధ్రములనుండి సన్నని తీగలు దిగును. అది చూడగనే మన ఆడపిల్లలు ఒక్కగొంతుతో, "జంతికల గొట్టం! మాస్టారూ, జంతికల గొట్టం!" అని కేకలు వేసిరి. అవును, అదియే. ఆ మైనపు తీగలను మట్టిముద్దపై ప్రక్క ప్రక్కన చుట్టి యతికి ఒడలంతయు కప్పుదురు. డోక్రా బొమ్మలపై మనకు కనబడు గీతలు, జడలవంటి యల్లికలు చెక్కినవి కావు. ఈ మైనపు తీగల జాడలే. దానిపై మెత్తని మన్ను పలుచగ పూసి, ఆఱిన పిదప ముతకమన్ను మందముగ మెత్తి, ఒక్క దారి మాత్రము విడిచి, ఆవములో పెట్టి కాల్చుదురు. మైనము కరగి పోవును. అది యున్న చోటు ఖాళీ యగును. ఆ ఖాళీలోనికి మూసలో కరగిన ఇత్తడిని పోయుదురు. చల్లాఱిన తరువాత మట్టిని పగులగొట్టి బొమ్మను వెలికి తీయుదురు. అచ్చు పగిలిపోయినది గనుక అట్టి బొమ్మ మఱొకటి రాదు. ఒకే చేయి చేసినను రెండవ యేనుగు రెండవ యేనుగే.

ఈ విద్య నేటిది కాదు. మొహెంజొదారో త్రవ్వకములలో 1926లో దొరికిన నర్తకి కంచుబొమ్మ, పది సెంటీమీటర్ల పైచిలుకు పొడవు గలది, సుమారు 4,500 సంవత్సరముల క్రిందటిది, ఈ మైనపు పోతతోనే చేయబడినది. 12వ శతాబ్దమున కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు కూర్చిన మానసోల్లాసములో ఈ పద్ధతి వివరింపబడియున్నది. మన తెలుగునాట ఆదిలాబాదు ప్రాంతమున ఈ పనివారు నేటికిని కలరు. ఆదిలాబాదు డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది.

తూకము వద్ద జరిగిన ముచ్చట నొకదానిని గణితోపాధ్యాయులు నన్ను చెప్పుమని కోరిరి. బొమ్మకు పట్టిన మైనము నంతయు ముందే తూచి, దానికి తొమ్మిది రెట్లు ఇత్తడిని, పోత దారికని మఱికొంత చేర్చి, పెద్దాయన మూసలో వేసెను. "తొమ్మిదే యెందుకు?" అని మన యుపాధ్యాయులు పిల్లలను ప్రశ్నించిరి. నిష్పత్తులు, సాంద్రత అను పాఠములు పూర్తియై రెండు నెలలైనది; ఒక్కనికైన నోట మాట రాలేదు. కొంతసేపటికి ఒక బాలిక నేలమీద కూర్చుండి పుల్లతో లెక్క వేసినది. మైనము నీటికంటె కొంచెము తేలిక, ఇత్తడి నీటికి దాదాపు ఎనిమిదిన్నర రెట్లు బరువు, ఒకే చోటును రెండును నింపవలెను గనుక, 100 గ్రాముల మైనమునకు 900 గ్రాములకు కొంచెము తక్కువ ఇత్తడి. లెక్క సరిపోయినది. పెద్దాయనకు సాంద్రత యను మాట తెలియదు. తొమ్మిది రెట్లన్నది తండ్రి చెప్పగా నేర్చినది. ఆ పిల్ల లెక్కను దుబాసీ ద్వారా విని ఆయన చాలసేపు ఆ నేలమీది గీతలను చూచుచు కూర్చుండెను. విజ్ఞాన ప్రదర్శనశాలను గూర్చి యడిగిన తండ్రిగారికి నా సమాధానములో ఇది సగము.

మిగిలిన సగము పొరుగింటి కొలిమి యొద్ద జరిగినది.

కొలిమిపాక పట్టపగలు కూడ చీకటిగ నుండును. ఇది నిర్లక్ష్యము కాదు. కాలిన ఇనుము రంగును బట్టియే దాని వేడిని గుర్తింపవలెను. వెలుతురు ఎక్కువైన రంగు తెలియదు. ఎఱుపు తిరిగి, నారింజకు వచ్చి, పసుపు తాకునంతలో తీసి కొట్టుదురు. ఎఱుపు చల్లాఱినంతనే కొట్టుట మాని మరల నిప్పులో పెట్టుదురు. చల్లబడిన దానిని మొండిగ కొట్టిన పగులు పట్టునట. పాత ఇనుపతుక్కే వారి ముడిసరకు. మేము చూచుచుండగా ఒక కడ్డీ కొనను ఉలితో చీల్చి రెండు కాళ్లు చేసి, రెండవ కొనను సాగగొట్టి మెడ తీసి, అరగంటలో ఒక కొంగను నిలబెట్టిరి. అతుకు ఒక్కటియు లేదు.

మన పిల్లలు "కమ్మరి వీధిలో సూదులమ్మినట్లు" అను సామెతను అర్థముతో సహా వ్రాసి మార్కులు తెచ్చుకొన్నవారే. అయినను అచ్చట నున్న పరికరములకు తెలుగులో పేర్లేమని యడుగగా ఒకరి ముఖము ఒకరు చూచుకొనిరి. అప్పుడు తొమ్మిదవ తరగతి బాలుడొకడు ముందునకు వచ్చెను. పేరు చెప్పను. వెనుకబల్లపై కూర్చుండి, పిలిచినగాని నోరు విప్పనివాడు. అతడు ఒక్కొక్క వస్తువును చూపుచు, "కొలిమి. దాగలి. సమ్మెట. ఇది సుత్తి, సమ్మెట కాదు. పట్టుకారు. ఉలి. ఆకురాయి" అని గడగడ చెప్పుకొనిపోయి, గాలి కొట్టు యంత్రము వద్ద నిలిచి, "ఇది తిత్తి కాదండీ, చక్రం. మా తాత దగ్గర తోలుతిత్తి ఉండేది" అనెను. లోహారు అతని చేతులను పట్టి చూచి, మాటలాడక పట్టుకారును అందించెను. పిల్లవాడు దానిని పట్టిన తీరు చూచి మేమందఱము ఊరకుంటిమి.

ఆ బాలుని తండ్రి ఈ పట్టణముననే కిటికీకమ్ములు, తలుపులు అతుకు దుకాణమున పనిచేయుచున్నాడు. వారి పెద్దలు శ్రీకాకుళము వైపునుండి వచ్చిన కమ్మరులు. బడి దరఖాస్తులో తండ్రి వృత్తి యను చోట ఆ బాలుడు "వ్యాపారము" అని వ్రాసియున్నాడు. అతడట్లు వ్రాయుటకు మనమే కారణము. మనమనగా ఉపాధ్యాయులము, తల్లిదండ్రులము, తోటి పిల్లలము. "చదువు రాకపోతే వెల్డింగు కొట్టులో పడేస్తాను" అను బెదరింపు మన యిండ్లలో వారమునకొకసారియైన వినబడుచునే యుండును. ఆ కొట్టులో పనిచేయువాని కుమారుడు ప్రక్క బల్లపై కూర్చుండి యుండును. ఈ సంగతినంతను ఆ తండ్రిగారి యనుమతితోనే చెప్పుచున్నాను. ఆయన ఈ సభలోనే యున్నారు.

తిరిగి పోతపనివారి యింటికి వత్తము. ఆ యింట మాటలాడునది హల్బీ భాష. అందులో ఒడియా పోలికలు, మరాఠీ పోలికలు మెండు. ఒడియా తెలిసిన మన పిల్లలకు సగము అర్థమైనది. మిగతది మన హిందీ ఉపాధ్యాయినిగారు చెప్పిరి. పెద్దాయన మనుమరాలు ఎనిమిదవ తరగతి చదువుచున్నది, చదువు హిందీలో. మన బాలుడు చెప్పిన మాటలను పుస్తకములో వ్రాసుకొనుచుండగా, ప్రక్కన తమ యింటి మాటలను వ్రాయుమని ఆమె నడిగితిమి. ఆ పిల్ల కలము పట్టుకొని కొంతసేపు ఆగినది. మాటలు తెలియక కాదు. పుట్టినది మొదలు నోట పలుకుచున్న ఆ మాటలను కాగితముపై వ్రాయుట ఆమెకు అదియే మొదటిసారి. నాగరి లిపిలో ఒక్కొక్కటి కూడబలుకుకొని వ్రాసి, వ్రాసినదానిని తాతకు చదివి వినిపించినది. తాత తల యూపెను.

మన సంగతి వేఱు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా ప్రత్యేక రాష్ట్రమగువఱకు మనము విశాఖపట్టణపు జిల్లా వారమే. సరిహద్దు కదలినది గాని మనము కదలలేదు. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కలిగింపవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరినది. మనకు బడి యున్నది, లిపి యున్నది, నిఘంటువులున్నవి. మన వాచకములలో లేనివి ఈ దాగలి, సమ్మెటలే. ఆ దినమున వ్రాసుకొన్న పట్టికలో 41 మాటలున్నవి. బయలుదేరకముందు వానిలో మన పిల్లలకు తెలిసినవి ఆఱు. తిరిగి వచ్చిన పిమ్మట ఇంటింట అవ్వలను, తాతలను అడిగి కొన్నిటికి రెండేసి మూడేసి పేర్లు కూడ తెచ్చిరి. కరణముల యింటి ముసలమ్మగారొకరు మూసను గూర్చి చెప్పబోయి తమ పుట్టింటి ఊరి కంసాలి వీధినంతయు వర్ణించిరట. ఆ పుస్తకము గ్రంథాలయములో నున్నది. పోవునప్పుడు చూచి, తప్పులున్న దిద్దవలసినదిగ ప్రార్థన.

పెద్దాయన ఇద్దఱు మనుమలలో ఒకడు రాయపురములో ఉద్యోగము చేయుచున్నాడు, రెండవవాడు తాతతోనే యున్నాడు. పెద్దవాడు వెడలిపోయినందుకు విచారమా యని యడిగితిని. "వానికి పోత తెలియును. పండుగకు వచ్చినప్పుడు ఒక యేనుగు చేసి పోవును" అనెను. అంతకుమించి ఆయన ఆ ప్రస్తావన సాగింపలేదు, నేనును అడుగలేదు.

బేరము సంగతి కూడ చెప్పవలెను, ఏలయనగా డబ్బు లెక్క మీకు అప్పగింపవలసియున్నది. మన పిల్లలు తాము కూర్చుకొన్న సొమ్ముతో ఒక ఇత్తడి మేకను, బడి తోటకని రెండు ఇనుప కొంగలను కొనిరి. సంఘనిధినుండి పైసయు వాడలేదు. ఇత్తడి మేక ధర విని ఒక బాలుడు అంగడులలో అలవాటైన చొప్పున సగమునకు అడిగెను. కోడలు కోపగింపక, లోపలికి పోయి ఒక బుట్టను తెచ్చి చూపినది. అందులో కాలు నిండని యేనుగు, మూతి లేని ఎద్దు, నడుమ చిల్లి పడిన తాబేలు. పోతలో గాలి చిక్కుకొన్నను, మన్ను పచ్చిగ నున్నను ఇట్లగును. పది దినముల పని. ఇత్తడి మరల మూసలోనికి పోవును గాని కూలి యెవరిత్తురని ఆమె ప్రశ్న. బాలుడు చెప్పిన ధర యిచ్చెను.

ఇప్పుడు నేను మిమ్ములను కోరునది. వచ్చు విద్యాసంవత్సరమునుండి నెలకు రెండు శనివారములు, మధ్యాహ్నము 2 నుండి 4 గంటలవఱకు, 8, 9 తరగతులకు చేతిపని తరగతి నడుపవలెనని ఉపాధ్యాయ వర్గము నిశ్చయించినది. బోధించువారు ఆ బాలుని తండ్రిగారే. సంఘమువారు వారికి గౌరవ వేతనము నిచ్చుటకు సమ్మతించిరి. పిల్లలచేత నిప్పు ముట్టింపము. అతుకు యంత్రము బడి యావరణలోనికి రాదు. మన్ను, మైనము, రాగితీగ, పలుచని రేకు, ఆకురాయి, చిన్నసుత్తి, ఇంతే సామగ్రి. కండ్లకు అద్దములు, చేతులకు తొడుగులు బడియే యిచ్చును. లెక్కల యుపాధ్యాయులు ఆ రెండు గంటలును అచ్చటనే యుందురు. తూకములు, కొలతలు వారి వంతు. పదవ తరగతి వారికి ఈ తరగతి లేదు, కావున పరీక్షలకు భంగము కలుగునను భయము వలదు.

ఆడపిల్లలకు కూడనా యని ఇద్దఱు తల్లులు అడిగిరి. అవును, ఆడపిల్లలకు కూడ. కొండగావ్‌లో మైనపు తీగ తీసినది, మేకకు మెడ దిద్దినది స్త్రీలే యని ఇంతకుముందే మనవి చేసితిని.

సమ్మతి పత్రములు తరగతి ఉపాధ్యాయుల యొద్ద నున్నవి. ఉగాదిలోపల సంతకము చేసి పంపవలెను. ఇష్టము లేనివారు ఇష్టము లేదని వ్రాసి పంపినను నాకు సమ్మతమే. కారణము కూడ వ్రాసిన మేలు. ఇనుప కొంగలు రెండును ద్వారము ప్రక్క మందారము వద్ద నిలిపితిమి. మన కొండప్రాంతపు వానకు ఇనుము త్వరగా త్రుప్పు పట్టును. ఏటేట వర్షాకాలమునకు ముందు గరుకు కాగితముతో రుద్ది వార్నీషు పూయవలెనని లోహారు మఱిమఱి చెప్పి పంపెను. ఈ యేటి పూత జ్యేష్ఠమాసారంభమున. ఆ పనికి 9వ తరగతి వారు ఇప్పటికే పేర్లు ఇచ్చియున్నారు. బ్రష్షులు రెండే యున్నవి, ఇంట పాతవి యున్నవారు పంపవలసినదిగ కోరుచు సెలవు తీసికొనుచున్నాను.